చెన్నపట్నానికి సినిమా హాలు కట్టిన తెలుగువాడు: రఘుపతి వెంకయ్య నాయుడు జీవితం

తెలుగు సినిమాకు పితామహుడు ఎవరని అడిగితే రఘుపతి వెంకయ్య నాయుడు అని వెంటనే చెబుతాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట 1980 నుంచి పురస్కారం ఇవ్వడంతో ఆ పేరు అందరికీ తెలిసింది. అయితే ఆ పేరు వినగానే మనకు హైదరాబాదే గుర్తుకొస్తుంది. నిజానికి ఆయన పని చేసిన చోట్లన్నీ మన చూలై చుట్టుపక్కలే ఉన్నాయి. పెరియమేడు దాటితే ఆయన తొలిసారి బొమ్మలు ఆడించిన విక్టోరియా పబ్లిక్ హాలు. వేపేరి మీదుగా వెళితే ఆయన స్టూడియో, ఆయన మూడో సినిమా హాలు ఉన్న పురసవాక్కం. రైలు పట్టాలకు అవతల ఆయన క్రౌన్ థియేటర్ ఉన్న మింట్ స్ట్రీట్. ఇక ఫొటో స్టూడియో, మొదటి సినిమా హాలు మౌంట్ రోడ్డు వైపున ఉండేవి.

తరతరాలుగా ఈ పట్నంలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆయన కథ ఎక్కడో దూరాన జరిగినది కాదు. మన తాతలు, ముత్తాతలు టికెట్టు కొని కూర్చున్న హాళ్ళ కథ అది. ఏ జమీందారు అండా, ఏ కంపెనీ పెట్టుబడీ లేకుండా, ఉన్న ఆస్తిని తాకట్టు పెట్టి ఒక మనిషి ఈ నగరంలో సినిమాను నిలబెట్టిన కథ. ఆ ప్రయత్నంలో ఆయన పోగొట్టుకున్నది ఎంతో, మనకు మిగిల్చినది ఎంతో నేటి పిల్లలకు తెలియాలి.

బందరు నుంచి మౌంట్ రోడ్డుకు

వెంకయ్య నాయుడు 1869 అక్టోబర్ 15న మచిలీపట్నంలో పుట్టారు. వాళ్ళది సైన్యంలో పనిచేసిన కుటుంబం. ఆ ఇళ్ళలో మగపిల్లలు పెద్దవాళ్ళ బాటలోనే పటాలంలో చేరడం అప్పట్లో మామూలు. వెంకయ్య మనసు మాత్రం బొమ్మల మీదకు పోయింది. బొమ్మలు గీయడం, విగ్రహాలు చేయడం ఆయనకు చిన్ననాటి నుంచి అబ్బిన విద్యలు. ఆ విద్యతో బతకాలంటే ఆ రోజుల్లో తెలుగువాళ్ళకు కనిపించిన పెద్ద ఊరు చెన్నపట్నమే. రాజధాని ఇది. హైకోర్టు, కాలేజీలు, అచ్చాఫీసులు, రేవు, కొనుగోలుదారులు అందరూ ఇక్కడే. యువకుడిగా ఉండగానే ఆయన ఇక్కడికి చేరుకున్నారు.

చిత్రకళ నుంచి ఆయన ఫొటోగ్రఫీకి మళ్ళారు. మౌంట్ రోడ్డులో, అంటే నేటి అణ్ణా సాలైలో, సొంతంగా ఫొటో స్టూడియో పెట్టారు. ఆ కాలంలో ఫొటో తీయించుకోవడం ఒక పెద్ద పని. గాజు పలకల మీద మందు పూసి బొమ్మ పట్టేవారు. కరెంటు దీపాల కాలం కాదు కనుక పైకప్పు నుంచో, పక్క కిటికీ నుంచో వచ్చే పగటి వెలుతురే ఆధారం. వెనుక రంగులు వేసిన తెర, పక్కన ఒక కుర్చీ, పూలకుండీ. కదలకుండా కూర్చోవాలి. తరువాత చీకటి గదిలో బొమ్మ తేల్చి, సన్న కుంచెతో దిద్ది, గట్టి అట్టకు అంటించి ఇచ్చేవారు. బొమ్మలు గీయడం వచ్చినవాడికి ఈ దిద్దుబాటు పనిలో మంచి పేరు వస్తుంది. దొరలు, జమీందార్లు, వకీళ్ళు తిరిగే మౌంట్ రోడ్డులో స్టూడియో నడిపారంటే వెంకయ్య అప్పటికే స్థిరపడిన మనిషి అన్నమాట. ఆ స్టూడియోతోనే హాయిగా జీవితం గడిచిపోయి ఉండేది.

స్టూడియోను తాకట్టు పెట్టించిన యంత్రం

మన దేశంలో సినిమా మొదటిసారి 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో ఆడింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ల్యూమియేర్ సోదరుల మనుషులు చూపించిన ఆ బొమ్మలు ఒక్కొక్కటీ నిమిషం పాటు కూడా ఉండేవి కావు. రైలు స్టేషన్లోకి రావడం, కార్మికులు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి రావడం, ఇలాంటివే. కథ లేదు, నటులు లేరు. జరిగినదాన్ని జరిగినట్టు పట్టి చూపించడమే. ఇప్పుడు మనం డాక్యుమెంటరీ అంటున్న దానికి మొదటి రూపం అదే. తర్వాత కొద్దికాలానికే మద్రాసులోనూ అలాంటి ప్రదర్శనలు మొదలయ్యాయి. 1905లో తిరుచ్చి రైల్వే ఉద్యోగి స్వామికన్ను విన్సెంట్ ఒక ఫ్రెంచివాడి దగ్గర యంత్రం కొని, ఊరూరా డేరా వేసి చూపించడం మొదలుపెట్టారు.

1909 ప్రాంతంలో వెంకయ్య దృష్టికి క్రోనోమెగాఫోన్ అనే కొత్త యంత్రం వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన గోమాన్ కంపెనీ తయారుచేసింది దాన్ని. అప్పటికి బొమ్మ కదిలేది గాని పలికేది కాదు. ఈ యంత్రంలో తెర మీద బొమ్మ ఆడుతుంటే, దానికి జత కుదిర్చిన గ్రామఫోను రికార్డు నుంచి మాటో పాటో పెద్దగా వినిపించేది. గాలి ఒత్తిడితో ధ్వనిని పెంచే ఏర్పాటు ఉండడం వల్ల హాలు నిండా వినబడేది. బొమ్మకూ శబ్దానికీ పొత్తు తప్పకుండా నడపడమే అసలు కష్టం. రికార్డు కాస్త ముందుకో వెనక్కో పోతే నోరు ఒకటి, పాట ఒకటి అయ్యేది.

ఆ యంత్రాన్ని జాన్ డికిన్సన్ కంపెనీ ద్వారా తెప్పించుకోవడానికి సుమారు 30 వేల రూపాయలు అయింది. ఆ డబ్బు కోసం వెంకయ్య బాగా నడుస్తున్న తన ఫొటో స్టూడియోను తాకట్టు పెట్టారు. 30 వేలంటే ఇప్పుడు మనకు తేలిగ్గా వినిపించవచ్చు. 1912లో గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ ఇదే ఊళ్ళో పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరినప్పుడు నెల జీతం 30 రూపాయలు. అంటే ఆ యంత్రం ఖరీదు రామానుజన్ వెయ్యి నెలల జీతం. నలభై ఏళ్ళ వయసులో, సంసారం ఉన్న మనిషి, ఇంకా లాభం వస్తుందో రాదో తెలియని వ్యాపారంలో అంత డబ్బు పెట్టడం మాటలు కాదు.

విక్టోరియా హాలులో తొలి ఆట

1910లో ఆయన ఆ యంత్రాన్ని విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రజలకు చూపించారు. సెంట్రల్ స్టేషన్ పక్కన, రిప్పన్ బిల్డింగును ఆనుకుని ఉన్న ఆ ఎర్రటి భవనం ముందు నుంచి మనం ఎన్నోసార్లు వెళ్ళి ఉంటాం. ఆ భవనానికీ మనకూ ఉన్న బంధం చాలా పాతది. 1883లో దానికి పునాదిరాయి వేసినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతి. దాన్ని కట్టిన కాంట్రాక్టరు మన నంపెరుమాళ్ చెట్టి. చిషోమ్ అనే ఇంగ్లీషువాడు గీసిన నమూనాను ఇటుకలతో నిలబెట్టింది ఆయనే. చెన్నపట్నం నాటక సమాజాలు, సభలు, సన్మానాలు అన్నీ అక్కడే జరిగేవి. అలాంటి చోట మౌంట్ రోడ్డు ఫొటోగ్రాఫరు వెంకయ్య మాట్లాడే బొమ్మలు ఆడించారు.

తరువాత ఎస్ప్లనేడులో డేరా వేసి ఆటలు వేశారు. ఆ పైన యంత్రంతో సహా ఊళ్ళు పట్టుకు తిరిగారు. బెంగుళూరు, తెలుగు జిల్లాల్లోని పట్నాలు, ఉత్తరాన పెద్ద నగరాలు, సముద్రం దాటి బర్మా, సింహళం దాకా వెళ్ళారు. రంగూను, కొలంబో అనగానే మనవాళ్ళకు అప్పట్లో దూరదేశాలని అనిపించేవి కావు. మన రేవు నుంచే ఓడలు పోయేవి. రంగూనులో తెలుగు కూలీలు, వ్యాపారులు ఎంతమంది ఉండేవారంటే, కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళను అక్కడ కోరంగీలని పిలిచేవారు.

డేరా సినిమా నడపడం ఇప్పటి ప్రొజెక్టరు తిప్పినంత సులువు కాదు. యంత్రం, రికార్డులు, ఫిల్ము పెట్టెలు, తెర, డేరా గుడ్డ, మేకులు, మనుషులు అన్నీ రైలెక్కించి దింపాలి. చాలా ఊళ్ళలో కరెంటు లేదు గనుక వెలుతురు ఏర్పాటు కూడా వెంట తీసుకుపోవాలి. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసింది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. వాన పడితే ఆట పోయినట్టే. వీటన్నిటినీ ఓర్చుకుని తిరిగి వచ్చాక, డేరా కన్నా గట్టి గోడలున్న హాలు కావాలన్న నిర్ణయానికి వచ్చారు వెంకయ్య.

గెయిటీ, క్రౌన్, గ్లోబ్

అప్పటికి మద్రాసులో సినిమాకంటూ ఉన్న హాళ్ళు దొరలవే. వార్విక్ మేజర్ అనే ఆయన 1913లో మౌంట్ రోడ్డులో ఎలక్ట్రిక్ థియేటర్ తెరిచారు. ఆ భవనం నేటికీ మౌంట్ రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో తపాలా బిళ్ళల కేంద్రంగా నిలిచి ఉంది. ఆ కాలంలోనే, 1912-14 మధ్య, మౌంట్ రోడ్డు పక్కన బ్లాకర్స్ రోడ్డులో వెంకయ్య గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన మొట్టమొదటి శాశ్వత సినిమా హాలు అది.

ఎలాంటి సమయంలో కట్టారో కూడా చూడాలి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ సెప్టెంబర్ 22 రాత్రి జర్మనీ ఓడ ఎండెన్ మన రేవు మీద గుళ్ళు కురిపించింది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం మూటాముల్లె కట్టుకుని ఊరు వదిలి పారిపోయారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గట్టి పిండాన్ని ఎండెన్ అని పిలవడం ఆనాటి భయం మిగిల్చిన మాటే. యుద్ధం వల్ల ఐరోపా నుంచి ఫిల్ములు రావడం తగ్గింది. ఆ ఖాళీలోకి అమెరికా చిత్రాలు వచ్చాయి. అలాంటి రోజుల్లో కూడా వెంకయ్య వెనకడుగు వేయలేదు. మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ అనే మరో రెండు హాళ్ళు లేపారు. ఈ గ్లోబే తరువాతి కాలంలో రాక్సీగా మన పెద్దలందరికీ తెలిసిన హాలు.

మూడు హాళ్ళు కట్టిన చోట్లు గమనిస్తే ఆయన లెక్క అర్థమవుతుంది. మౌంట్ రోడ్డులో దొరలు, ఆంగ్లో ఇండియన్లు, ఇంగ్లీషు చదివినవాళ్ళు వస్తారు. మింట్ స్ట్రీట్ అంటే జార్జి టౌను వ్యాపారులు, అంగళ్ళలో పనిచేసేవాళ్ళు. పురసవాక్కం అంటే వేపేరి, చూలై, పెరంబూరు వైపు ఉండే సంసారులు, మిల్లు కార్మికులు, రైల్వే కుటుంబాలు. ఒకే బొమ్మను మూడు రకాల జనానికి చూపించవచ్చు. సినిమా దొరలకు మాత్రమే చెందిన వినోదం కాదని, అది నాలుగు వీధుల జనానిదని ఆయన గుర్తించారు.

ఆనాటి హాలులో సంగతులు వేరుగా ఉండేవి. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. బొమ్మ మూగది కనుక తెర పక్కన హార్మోనియమో, పియానోనో, తబలానో వాయించేవారు ఉండేవారు. మధ్య మధ్య తెర మీద పడే అక్షరాలను పెద్దగా చదివి కథ చెప్పే మనిషి ఒకరు నిలబడేవారు. పోరాటాలప్పుడు ఆయన గొంతు, జనం ఈలలు కలిసి హాలు దద్దరిల్లేది. వారం వారం కొన్ని భాగాల చొప్పున వచ్చే అమెరికా సీరియళ్ళంటే మద్రాసు జనానికి పిచ్చి. ఎడ్డీ పోలో నటించిన బ్రోకెన్ కాయిన్ లాంటివి చూడడానికి ఎగబడేవారు. నాయకుడు కొండ అంచున వేలాడుతుండగా ఆట ఆగిపోతే, తరువాతి వారం మళ్ళీ రాక తప్పేది కాదు.

చూపించడం నుంచి తీయడం దాకా

1913లో దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్ర తీశాక, మన కథలను మనమే తీయవచ్చన్న ధైర్యం దేశమంతటా వచ్చింది. దక్షిణాదిలో ఆ పని మొదట చేసినవారు నటరాజ ముదలియార్. మోటారు సామాన్ల వ్యాపారి అయిన ఆయన పురసవాక్కం పక్కన మిల్లర్స్ రోడ్డులో స్టూడియో పెట్టి కీచక వధం తీశారు. అంటే దక్షిణ భారత సినిమా పుట్టింది కూడా మన పేటకు ఆవలి వీధుల్లోనే.

వెంకయ్యకూ అదే ఆలోచన. అయితే ఆయన పని మొదలుపెట్టిన తీరు వేరు. ముందు పని తెలిసిన మనిషి కావాలి. 1901లో పుట్టిన తన కొడుకు రఘుపతి సూర్యప్రకాష్‌ను లండన్ పంపించారు. ప్రకాష్ అక్కడ బార్కర్ మోషన్ ఫొటోగ్రఫీ సంస్థలో కెమెరా పని, చిత్ర నిర్మాణం నేర్చుకున్నారు. కొడుకును బారిస్టరు చదువుకో ఐ.సి.ఎస్. పరీక్షకో పంపడం ఆనాటి పెద్ద కుటుంబాల కోరిక. సినిమా నేర్చుకోవడానికి కొడుకును సముద్రం దాటించిన తండ్రి మరొకరు ఆ రోజుల్లో అరుదు.

ప్రకాష్ తిరిగి వచ్చాక తండ్రీ కొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే పేరుతో చిత్ర సంస్థ పెట్టారు. పురసవాక్కంలో స్టూడియో కట్టారు. దాన్ని గ్లాస్ స్టూడియో అనేవారు. పేరుకు తగ్గట్టు అద్దాలతో కట్టిన స్టూడియో అది. పెద్ద దీపాలు లేని రోజుల్లో ఎండే వెలుతురు. అద్దం గుండా వచ్చిన ఎండను తెల్లగుడ్డలతో మెత్తబరిచి మనుషుల ముఖాల మీద పడేట్టు చేసేవారు. కెమెరాను చేత్తోనే తిప్పాలి. తిప్పే వేగం తప్పితే తెర మీద మనుషులు పరిగెత్తినట్టో ఈడ్చినట్టో కనిపిస్తారు. మబ్బు పడితే అందరూ కూర్చుని ఎండ కోసం ఎదురుచూడాలి. ఫొటో స్టూడియోలో పగటి వెలుతురును మచ్చిక చేసుకున్న వెంకయ్యకు ఈ పని కొత్త కాదు.

1921లో ఆ సంస్థ భీష్మ ప్రతిజ్ఞ తీసింది. దర్శకుడు ప్రకాషే. ఇరవై ఏళ్ళ వయసులో భీష్ముడి వేషం కూడా ఆయనే వేశారు. గంగ పాత్రకు పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతిని తీసుకున్నారు. సంసార స్త్రీలు కెమెరా ముందుకు రావడం అప్పట్లో ఊహకు అందని మాట. ఆడవేషం మగవాడే వేయాలి, లేదంటే వేపేరి, పెరంబూరు వైపు ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచి ఎవరైనా ముందుకు రావాలి. మన గంగాదేవి అలా తెరకెక్కింది. ఆ తరువాత గజేంద్ర మోక్షం, నందనార్ కథ, సముద్ర మథనం వంటి పురాణ, భక్తి చిత్రాలు తీశారు. చదువు లేనివాడికి కూడా తెలిసిన కథలే ఎంచుకోవడంలో తెలివి ఉంది. మాట లేని బొమ్మ అర్థం కావాలంటే కథ ముందే తెలిసి ఉండాలి.

మాట లేని చిత్రాన్ని తెలుగు చిత్రం అనవచ్చా అన్న ప్రశ్న కొందరు వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. మూకీ చిత్రాలకు భాష లేదు. తెర మీద వేసే అక్షరాలు సాధారణంగా ఇంగ్లీషుతో పాటు రెండు మూడు దేశభాషల్లో ఉండేవి. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు అదే బొమ్మ చూశారు. కాబట్టి భీష్మ ప్రతిజ్ఞ తెలుగువారు తీసిన చిత్రం అనడమే సరైన మాట. ఆ చిత్రంలో భాగం ఈ నగరంలోని అందరికీ ఉంది. వెంకయ్యను తెలుగు సినిమా పితామహుడని మనం అంటున్నా, తమిళ సినిమా చరిత్ర రాసేవారు కూడా ఆయనను దాటి ముందుకు పోలేరు. చెన్నపట్నంలో తెలుగువారి బతుకు తీరే అంత. ఇక్కడ మనం చేసిన పని మన ఒక్కరికే పరిమితం కాలేదు.

అప్పులు, చేతులు మారిన హాళ్ళు

హాళ్ళు లాభం తెచ్చాయి. నిర్మాణం మాత్రం ఆ లాభాన్ని మింగింది. ముడి ఫిల్ము, కెమెరాలు, మందులు అన్నీ విదేశాల నుంచి కొనాలి. తీసిన చిత్రం ఆడడానికి దక్షిణాదిలో ఉన్న హాళ్ళు తక్కువ. ఒక విదేశీ చిత్రాన్ని అద్దెకు తెచ్చి ఆడిస్తే అయ్యే ఖర్చుకూ, సొంతంగా ఒక చిత్రం తీస్తే అయ్యే ఖర్చుకూ పొంతనే లేదు. మరోవైపు బొంబాయి, కలకత్తా సంస్థల చిత్రాలు కూడా వచ్చి పడ్డాయి. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చాక హాలుకు లైసెన్సు, బొమ్మకు సెన్సారు తప్పనిసరి అయ్యాయి. మద్రాసు సెన్సారు బోర్డు 1920లో ఏర్పడింది.

అప్పులు పెరిగాయి. 1920ల చివరికి వచ్చేసరికి వెంకయ్య చేతిలో నుంచి హాళ్ళు ఒక్కొక్కటిగా ఇతరుల పాలయ్యాయి. స్టూడియో మూతబడింది. పొరుగున నటరాజ ముదలియార్ కథ కూడా ఇలాగే ముగిసింది. 1923లో ఆయన స్టూడియో అగ్నికి ఆహుతైంది. కొడుకును కూడా పోగొట్టుకుని ఆయన సినిమాకే దూరమయ్యారు. దారి వేసినవాళ్ళు ఇద్దరూ ఆ దారి మీద నడిచిన లాభం అనుభవించలేదు.

వెంకయ్య తరువాత వెంకయ్య పని

హాళ్ళు పోయినా ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. కాకినాడ నుంచి వచ్చిన చిత్తజల్లు పుల్లయ్య ప్రకాష్ దగ్గర పని నేర్చుకున్నారు. తిరిగి వెళ్ళి కాకినాడలో సొంతంగా కెమెరా పట్టి మార్కండేయ తీశారు. ఆ పుల్లయ్యే 1934లో లవకుశ తీసి తెలుగు టాకీని ఊరూరికీ చేర్చారు. 1963లో రంగుల్లో వచ్చిన లవకుశను మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆరోగ్యం సహకరించక వదిలితే కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేశారు. ఆ లవకుశ చూడని తెలుగు ఇల్లు ఉంటుందా? ఆ తీగ లాగితే పురసవాక్కం గ్లాస్ స్టూడియో దాకా వస్తుంది.

ప్రకాష్ తన పని మానలేదు. 1929లో ఎ.నారాయణన్ జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ పెట్టాక ఆ సంస్థకు లైలా వంటి చిత్రాలు తీశారు. టాకీలు వచ్చాక 1940లో కన్నాంబ, బళ్ళారి రాఘవలతో చండిక, 1941లో తారా శశాంకం తెలుగులో తీశారు. 1956లో కన్నుమూసే దాకా సినిమానే ఆయన వృత్తి. తండ్రి తాకట్టు పెట్టి సంపాదించిన విద్యను కొడుకు మూడున్నర దశాబ్దాలు వాడారు.

వెంకయ్య కళ్ళముందే చాలా మారిపోయింది. 1931లో కాళిదాస్, 1932లో భక్త ప్రహ్లాద బొంబాయిలో తయారై మన హాళ్ళలో మాట్లాడాయి. యంత్రంతో బొమ్మకు మాట తగిలించాలని ఆయన 1910లోనే ఆశపడ్డారు. అది నిజమయ్యేసరికి ఆయనకు అరవై దాటాయి. 1934లో నారాయణన్ మద్రాసులోనే శబ్దం పట్టే స్టూడియో కట్టారు. 1940లో ఏ.కె.చెట్టియార్ గాంధీ గారి మీద డాక్యుమెంటరీ విడుదల చేశారు. దేశదేశాలు తిరిగి దాదాపు 50 వేల అడుగుల ఫిల్ము సేకరించి, అందులోంచి సుమారు 12 వేల అడుగుల చిత్రం కూర్చారు ఆయన. దానికి తెలుగు వ్యాఖ్యానంతో కూడా ప్రతి వచ్చింది. ప్రభుత్వ సాయం లేకుండా, ఒక మనిషి పట్టుదలతో, ఈ నగరం నుంచే అలాంటి పని జరిగింది. ముప్పై ఏళ్ళ కిందట వెంకయ్య వేసిన బాట లాంటిదే అది.

1941 మార్చి 15న వెంకయ్య నాయుడు మద్రాసులో కన్నుమూశారు. వయసు 71.

మనకు మిగిలింది

1980లో ఆయన పేరిట పురస్కారం మొదలైనప్పుడు తొలిసారి అందుకున్నవారు ఎల్.వి.ప్రసాద్. చెన్నపట్నాన్నే కార్యక్షేత్రం చేసుకున్న ప్రసాద్ గారికి అది దక్కడం సబబుగా ఉంది. ఆ తరువాత తెలుగు పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయింది. గెయిటీ, క్రౌన్, రాక్సీ మూడూ ఇప్పుడు లేవు. వాటి చోట వేరే కట్టడాలు లేచాయి. ఆయన సంస్థ తీసిన చిత్రాల్లో ఒక్కటి కూడా నేడు చూడడానికి దొరకదు. నైట్రేటు ఫిల్ము తేమకు పాడవుతుంది, వేడికి అంటుకుంటుంది. అందులో ఉండే వెండి కోసం పాత ఫిల్మును కరిగించి అమ్ముకున్నవారు ఎందరో. దక్షిణాది మూకీ చిత్రాల్లో దాదాపు పూర్తిగా మిగిలింది మార్తాండ వర్మ ఒక్కటే. అది పూణేలోని జాతీయ ఫిలిం ఆర్కైవులో ఉంది.

సినిమాలు పోయాయి గనుక ఇక మిగిలింది కాగితాలే. చూలై, వేపేరి, పురసవాక్కం, జార్జి టౌను ప్రాంతాల్లో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత ఫొటోలు, సినిమా కరపత్రాలు, పాటల పుస్తకాలు, టికెట్టు ముక్కలు ఉండవచ్చు. ఇల్లు మారేటప్పుడు, పాత ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేటప్పుడు వాటిని పాతసామాన్లవాడికి తూకానికి వేయకండి. గట్టి అట్టకు అంటించిన ముత్తాత గారి ఫొటో ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. కింది అంచునో వెనుకనో స్టూడియో పేరు, వీధి పేరు అచ్చు వేసి ఉంటుంది. మౌంట్ రోడ్డు అని కనబడితే దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి భద్రంగా దాచండి, మొబైల్‌తో రెండు వైపులా ఫొటో తీసి ఉంచండి, ఆ ఫొటోలో ఉన్నవారి పేర్లు తెలిసిన పెద్దవారు ఉండగానే రాయించి పెట్టుకోండి.

వచ్చే అక్టోబర్ 15న ఆయన జయంతి వస్తుంది. మన సంఘాలు, తెలుగు మాధ్యమం ఉన్న బడులు ఆ రోజున పిల్లలను వెంటబెట్టుకుని విక్టోరియా హాలు దాకా తీసుకెళ్ళి, 1910లో అక్కడ ఏం జరిగిందో తెలుగులో చెబితే చాలు. ఖర్చు పెద్దగా లేని పని. చూలై నుంచి అరగంట నడక.